లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది

"దర్జీని ఇంకో పావుగంటలో చంపేస్తారు. గుండీ మైకులో విన్నాం," అన్నాడు చీఫ్, రైళ్ల రాకపోకలు చెప్పినంత తాపీగా.

ఏజెంట్ మిరపకాయ చేతిలోని కప్పుని బల్ల మీద పెట్టలేదు, కొట్టింది. దర్జీ అన్నది కోడ్ పేరు. ఇంట్లో మిరపకాయ అతన్ని "ఏమండీ" అంటుంది. అతను విదేశీ ముఠా ఆఫీసు కిందే బట్టల షాపు పెట్టి, వాళ్ల కోట్లకి మైకులున్న గుండీలు కుడుతున్నాడు.

"వాళ్లకెలా తెలిసింది?"

చీఫ్ మూలకి చూశాడు. అక్కడ సర్వర్లు చూసే కుర్చీలో ఆవిడ సొంత మరిది, కీబోర్డులోకి దూరిపోయేలా వంగి ఉన్నాడు.

"పొద్దున సర్వర్ మొరాయించింది వదినా. ఎర్రర్ ఏంటో బయట ఫ్రెండుకి చూపిద్దామని..."

ఏం పంపినా పేజీగా మార్చిపెట్టే సైటొకటుంది. టెర్మినల్‌లో కమాండ్ కొట్టి, పక్కన ఓ నిలువు గీత పెట్టి, దాని పేరు రాస్తే చాలు. తెర మీద రావాల్సిందంతా ఇంటర్నెట్‌లో పేజీ అయి కూర్చుంటుంది. చేతికి పొట్టి లింకొకటి వస్తుంది. ఎర్రర్‌తో పాటు షాపు అడ్రసూ, మైకుల వివరాలూ ఆ పేజీలోకి ఊరేగింపుగా వెళ్లిపోయాయి.

"లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది కదా అనుకున్నా."

"అక్కడ పడే ప్రతి పేజీనీ ముఠా ప్రోగ్రాం చదువుతుందిరా! తీసెయ్!"

"అందులో డిలీట్ ఉండదు. నెలకి దానంతటదే పోతుంది."

"మీ అన్నయ్యకి నెల గడువు లేదు. నీకు అంతకన్నా లేదు!"

గోడ మీది తెరలో షాపు కనిపిస్తోంది. ముందూ వెనకా ముఠా మనుషుల కాపలా. షాపు తలుపు తోసుకుని నెమలి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ సిల్కు గౌను, నల్ల కళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగులో సైలెన్సర్ పిస్టల్. ముఠాకి హంతకురాలు. చాటుగా ముఠా కబుర్లు మనకి అమ్మే డబుల్ ఏజెంట్.

"నెమలి మనకి పంపిన మెసేజీలు తెరువు," అంది మిరపకాయ.

చీఫ్ లేచాడు. "అది టాప్ సీక్రెట్! ఆవిణ్ణి మనవైపు తిప్పడానికి మూడేళ్లు పట్టింది!"

"మా ఆయన్ని తిప్పడానికి నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది. కూర్చోండి సార్."

చీఫ్ కూర్చున్నాడు.

"వాళ్లు నమ్ముతారా వదినా?"

"పొద్దుటి పేజీ నిజమేనని చూసుకున్నారుగా. అదే సైటు, అదే బుర్రతక్కువ పద్ధతి. నమ్మక చస్తారా?"

మరిదిని పక్కకి తోసి తనే కొట్టింది. కమాండ్. నిలువు గీత. సైటు పేరు. ఎంటర్.

తెరలో దర్జీ టేపు సాగదీశాడు. "చేతులెత్తండి మేడమ్, కొలత తీసుకోవాలి."

"ముందు నువ్వెత్తు," అంది నెమలి. పిస్టల్ బయటికొచ్చింది.

తలుపు బద్దలైంది. ముందు కాపలావాళ్లు, ఒకడి చేతిలో ఫోను, అందులో నెమలి మెసేజీలున్న పేజీ. నెమలి మణికట్టు పట్టి విరిచారు. తూటా బట్టల బొమ్మ తలలోంచి పోయింది. అరుపులకి వెనక కాపలావాళ్లు కూడా లోపలికి పరిగెత్తారు. దర్జీ మెడలో టేపుతోనే వెనక తలుపు దాటాడు.

మిరపకాయ అప్పుడు ఊపిరి పీల్చుకుంది. కోపం మాత్రం దిగలేదు.

"ఏం జరిగిందో పై ఆఫీసుకి రిపోర్టు వెళ్లాలి, ఇప్పుడే!" అరిచాడు చీఫ్.

"ఒక్క నిమిషం సార్, లింకు పంపిస్తా," అన్నాడు మరిది.

ఆవిడ కీబోర్డు వైరు పీకి, అతని చేతిలో పెన్సిలు పెట్టింది. "గుండ్రంగా రాయి. మీ అన్నయ్య వచ్చి దిద్దుతాడు."