ఆండాళ్ తిట్టిన తల్లి

ఆ ఉదయం ఆండాళ్ వంటింట్లో వంకాయలు తరుగుతూ మనసులో ఒకావిడను తిట్టుకుంటోంది. ఆవిడ ఇరుగూ కాదు, పొరుగూ కాదు. కిందటి రోజు చదివి ముగించిన నవలలో ఒక తల్లి. అత్తింట్లో నలిగిపోయి పుట్టింటికొచ్చిన కూతురికి నచ్చజెప్పి వెనక్కి పంపింది. వెళ్ళిన పిల్ల కాలవలో శవమై తేలింది. పుస్తకం మూసేశాక కూడా ఆండాళ్‌కి ఏడుపు ఆగలేదు.

ఆండాళ్ చదువే అంత. రచయిత పేరు గుర్తుండదు, ఒక్కోసారి నవల పేరు కూడా. మనుషులు మాత్రం గుర్తుంటారు. పక్కింటి పుష్పావతి దగ్గర పుస్తకం తెచ్చుకుని, చదివి, తిరిగిచ్చేటప్పుడు ఆమెను తమ వరండాలో కూర్చోబెట్టుకుని అందులో వాళ్ళందర్నీ పేరుపేరునా కడిగేస్తుంది. ముగింపు నచ్చకపోతే తనే మార్చి చెబుతుంది. రచయిత అలా రాయలేదు కదండీ అని పుష్పావతి నవ్వితే, ఆయనకేం తెలుసని కొట్టిపారేస్తుంది. నిన్న మాత్రం నవ్వులాట లేదు.

"ఆ తల్లి నా ఎదురుగా ఉంటే రెండు చెంపలూ వాయించేదాన్నండీ," అంది కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "పిల్ల అలా చిక్కిపోయి కనిపిస్తుంటే ఎలా పంపబుద్ధయింది?"

లోపలి గదిలో ఉన్న ఉమాశ్రీ ఆ మాటలు విన్నది.

ఉమాశ్రీ ఆండాళ్ ఒక్కగానొక్క కూతురు. గుడివాడ ఇచ్చారు. అల్లుడు ఆత్రేయది బ్యాంకు ఉద్యోగం. తాగడు, చెయ్యి చేసుకోడు, నలుగురిలో మహా మర్యాదస్తుడు. ఆఫీసుకి వెళ్తూ భార్యను ఇంట్లో ఉంచి బయట తాళం వేసుకుపోతాడు. ఆమె చేత స్కూలు ఉద్యోగం మానిపించాడు, ఫోను తన దగ్గర పెట్టుకున్నాడు. కోపమొస్తే వారాల తరబడి పలకడు. ఆమె వండింది ఆమె కళ్ళముందే పారబోసి హోటల్లో తినొస్తాడు. ఒక ఆదివారం కూరగాయలకని వెళ్తూ అతను తాళం వెయ్యడం మరిచిపోయాడు. ఉమాశ్రీ కట్టుబట్టలతో పుట్టింటికి, బందరు బస్సెక్కేసింది.

వచ్చిన రోజే అంతా చెప్పింది. మగాళ్ళకి మొదట్లో అనుమానం ఉంటుందని, ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయని ఆండాళ్ అంది. గుమాస్తాగా చేసి రిటైరైన తండ్రి జగన్నాథం తల వంచుకుని విన్నాడే గాని నోరు విప్పలేదు. తర్వాత రెండిళ్ళ మధ్య ఫోన్లు నడిచాయి. ఇవాళ ఆత్రేయ కారు తీసుకుని వస్తున్నాడు.

ఆండాళ్ పొయ్యి మీద కూర దించి గదిలోకి వెళ్ళింది. ఉమాశ్రీ కట్టుకోవలసిన చీర ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది.

"లేమ్మా, అతనొచ్చే వేళయింది."

ఉమాశ్రీ కదలలేదు. "నిన్న ఆ పుస్తకంలో అమ్మాయి కోసం ఏడ్చావు కదమ్మా," అంది.

"విన్నావా? పాడు పుస్తకం."

"నన్ను లోపల పెట్టి తాళం వేస్తాడని చెప్పినప్పుడు నువ్వు ఏడవలేదు."

ఆండాళ్‌కి ఉక్రోషం వచ్చింది. కథలకేం, ఎవరైనా ఏడుస్తారని, సంసారం వేరని, రేపు నలుగురిలో తలెత్తుకు తిరగాల్సింది తామేనని, తండ్రి ఆరోగ్యం సంగతైనా ఆలోచించమని గబగబా చెప్పుకుపోయింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. నవలలో ఆ తల్లి అన్నవీ ఇంచుమించు ఇవే మాటలు.

ఉమాశ్రీ గొంతు పెంచలేదు. "పంపించెయ్యమ్మా. వెళ్తాను. ఆ తల్లిలాగే నువ్వూ తర్వాత ఏడుద్దువుగాని."

అని లేచి చీర కట్టుకోసాగింది. పెట్టిన కుచ్చిళ్ళు జారిపోతున్నాయి, మళ్ళీ పెడుతోంది, మళ్ళీ జారిపోతున్నాయి. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా దిగుతున్నాయి. కూతురు వచ్చి ఇన్నాళ్ళయినా ఆండాళ్ ఆ చేతుల్ని ఇప్పుడే చూసింది. బయట కారు ఆగిన చప్పుడైంది.

ఆత్రేయ యాపిల్ పళ్ళ సంచితో లోపలికొచ్చి మామగారికి నమస్కారం పెట్టాడు. ఎండలు ముదిరాయని, రోడ్డు బాగోలేదని చెబుతూ కూర్చున్నాడు. ఆండాళ్ గది గుమ్మంలోంచి బయటికొచ్చి వెనకే తలుపు దగ్గరికి వేసింది.

"అమ్మాయి రాదు బాబూ."

ఆత్రేయ నవ్వు ముఖంతోనే చూశాడు. "మీరే పంపిస్తామన్నారు కదండీ అత్తయ్యగారూ."

"అన్నాను. బుద్ధిలేక అన్నాను."

మీ అమ్మాయి చెప్పినవన్నీ నమ్ముతున్నారా అని అతను మామగారి వైపు తిరిగాడు. ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చానని, ఇలా బజారున పడితే పరువు పోయేది ఆడపిల్ల తరఫు వాళ్ళకేనని మెత్తగానే చెప్పాడు. ఆండాళ్ భర్త వైపు చూసింది. ఈయన ఇప్పుడు కూడా తల వంచుకుంటే తనొక్కతీ ఏం చెయ్యగలదు?

జగన్నాథం కుర్చీలోంచి లేచాడు. ఆండాళ్ కొత్త బట్టలు సర్ది గుమ్మం దగ్గర పెట్టిన కూతురి సంచీ తీసుకుని, వంగి వంగి నడుస్తూ, లోపలి గది తలుపు దగ్గర పెట్టి వచ్చాడు.

"దాని సర్టిఫికెట్లు మీ ఇంట్లో ఉన్నాయి. నేనొచ్చి తెచ్చుకుంటాను," అన్నాడు. "మీరిక బయల్దేరండి బాబూ."

కారు వెళ్ళిపోయాక ఆండాళ్ తలుపు తీసింది. ఉమాశ్రీ సగం కట్టిన చీరతో నేల మీద కూర్చుని ఉంది. అంతా విన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. ఆండాళ్ పక్కన కూలబడి దగ్గరికి తీసుకుంది.

"నిజంగా పంపరు కదూ?" అంది ఉమాశ్రీ.

"పంపనమ్మా."

అన్నం కలిపి నోటి దగ్గర పెడితే, ముద్ద అందుకోకుండా మళ్ళీ అడిగింది. సాయంత్రం వీధిలో ఏదో కారు హారన్ మోగితే పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని మళ్ళీ అడిగింది. అడిగిన ప్రతిసారీ పంపనని ఆండాళ్ చెబుతూనే ఉంది. తల్లి మాట మీద తన బిడ్డకి నమ్మకం కలగడానికి ఇంకెన్నిసార్లు చెప్పాలో ఆవిడకి తెలియలేదు. రాత్రి కూతురు పడుకున్నాక పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, పిల్ల మళ్ళీ పిలిస్తే వినపడేంత దగ్గరగా జరిగి కూర్చుంది.