ఈతతిప్పలో ఏడో పేరు

ఇది విని ‘అబద్ధం’ అనే మొగోడుంటే, అమావాస్య నాడు మాధవరం రేవు కాడ పుట్టి పడవెక్కి ఈతతిప్పకు పొయ్యి రమ్మనండి. నా మీసం గొరిగి వాని చేతిలో పెడతా!

తుంగభద్ర నడుమనుండే ఆ తిప్ప మీద పొద్దుగూకితే చేపలోళ్లు కూడా కాలు పెట్టరు. ఒకప్పుడు నలభై ఇళ్లు. వరదకు కొందరు, జ్వరాలకు కొందరు పోయి, యాభై ఒకటిలో జనాభా లెక్కల నాటికి మిగిలింది ఆరుగురే. ఏడుగురన్నా లేకపోతే పుట్టి ఆపేస్తామన్నారు పైవాళ్లు. పుట్టి ఆగితే వాళ్ల పాలు కొనేవాడు లేడు, జొన్నలు తెచ్చేవాడు లేడు.

లెక్కల ఆఖరి రాత్రి, పుట్టి తోలే గోవిందన్నతో, లెక్కలు రాసే లక్ష్మప్ప పంతులు తిప్ప మీద దిగినాడు. ఎవరనుకున్నారు లక్ష్మప్పంటే? నడిరోడ్డులో చిరుతపులిని ఆపి వయసడిగినోడు!

ఆరుగురినీ కళ్లారా చూసి రాసుకున్నాడు.

“అంతే గదవ్వా?”

“అంతేనా?” ముసలి సుంకమ్మ గుసగుసలాడింది. “కొట్టంలో పండుకున్నోళ్లను రాయవా పంతులప్పా? దీపం మాత్రం వద్దు... బెదురుతారు.”

గోవిందన్న కొట్టం బయటే నిలబడినాడు. సుంకమ్మ చీకటి గుమ్మంలో నిలబడి పిలిచింది.

“అయ్యన్నా...” — లోపల బరువుగా ఒక నిట్టూర్పు.

“చిన్నప్పా...” — అడుగుల చప్పుడు.

“శేషప్పా...” — దగ్గు.

మూడు పేర్లూ రాసినాడు. రాసినాక... ఆఖరి పేరు మళ్లీ చదువుకున్నాడు. శేషప్ప పాడెకు నాలుగేళ్ల కింద భుజం పట్టింది తనే గదా!

“ఇం... ఇంకెవరన్నా ఉండారా?”

మూల నుంచి ఆడగొంతు, నెమ్మదిగా —

“హుసేనమ్మ... రాసుకో అప్పా.”

రాసినాడు. గబుక్కున అగ్గిపుల్ల గీసినాడు.

మూడు ఎనుములు! నెమరేస్తాండాయి.

“ఓసి నీ! గొడ్లకు మనుషుల పేర్లా?” పంతులు పగలబడి నవ్వినాడు.

“మనిషి పోయినాక పుట్టిన తొలి దూడకు ఆ పేరే పెడతామప్పా. పేరు పోతే తిప్ప పోయినట్టే. వాళ్లూ మావాళ్లే... రాస్తే ఏం?”

“సర్కారుకు గొడ్ల లెక్క వేరే ఉంది లేవ్వా.” మూడు పేర్లూ కొట్టేసినాడు. “మరి హుసేనమ్మ యాడ? మాట్లాడింది గదా, బయటికి రమ్మను.”

ఇంకో పుల్ల గీసి మూలకెత్తినాడు. తడిక. గడ్డి. అంతే.

సుంకమ్మ చెయ్యి అతని మోచేతిని పట్టుకుంది — మంచుగడ్డలా.

“హుసేనమ్మ పోయి తొమ్మిదినాళ్లప్పా... ఆ పేరుకు ఇంకా దూడ పుట్టలేదు.”

పుల్ల ఆరిపోయింది.

ఆ నాలుగో పేరు కొట్టెయ్యడానికి లక్ష్మప్పకు చెయ్యి రాలేదు. తెల్లారి చూస్తే కాగితంలో ఏడుగురు. పుట్టి ఆగలేదు.

నమ్మరా? కొట్టం బయట నిలబడి ఆ గొంతు తన చెవులారా విన్నోడు మాధవరం రేవులోనే ఉండాడు. పొయ్యి అడగండి — పుట్టి గోవిందన్నను!