బిగించానో లేదో

ఎనిమిదింటికల్లా కూతురి బండి వీధి మలుపు తిరిగింది. వెనక సీట్లోంచి మనవరాలు చెయ్యి ఊపింది. పెద్దాయన గేటు వేసి, షెడ్డు ఊడవడానికి చీపురు అందుకున్నాడు.

ఆయన నలభై ఏళ్లు మెకానిక్కుగా పనిచేసిన మనిషి. కూతురు పశువుల డాక్టరు. కొండ అవతలికి వెళ్లే దారిలో వాగు పొంగినప్పుడల్లా ఆమె పాత ఎస్‌యూవీలోకి నీళ్లొస్తున్నాయి. బాడీని కింది చట్రం, అదే ఛాసిస్, మీంచి లేపి, మధ్యలో మూడంగుళాల దిమ్మలు పెడతానని ఆయనే పట్టుబట్టాడు. రెండు రోజులు ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. బాడీ లేస్తే స్టీరింగ్ కడ్డీ పొడుగు చాలదు. దానికో అతుకు ముక్క వేసి, పైనొకటి, కిందొకటి బోల్టు బిగించాలి.

ఊడుస్తుంటే గోనెపట్టా కింద కొత్త బోల్టు దొరికింది.

ఎక్కువొచ్చినదేమో అనుకున్నాడు. పై బోల్టు బిగించడం బాగా గుర్తుంది. తరవాత భార్య కాఫీకి పిలవడం, చేతులు కడుక్కోవడం గుర్తున్నాయి. మధ్యలో ఏమీ లేదు. నిన్న సాయంత్రం వీధిలో ఓ చుట్టు తిప్పి చూశాడు, స్టీరింగ్ బాగానే తిరిగింది. కింది బోల్టు లేకపోయినా కొంత దూరం అలాగే తిరిగి, తరవాత అతుకు ఊడివస్తుందని ఆయనకు తెలుసు.

ఫోన్ తీశాడు. మళ్లీ జేబులో పెట్టేశాడు. చెబితే ఇంకెప్పుడూ తనని బండి ముట్టుకోనివ్వరు. పోయిన నెల బజారునుంచి ఇంటి దారి తెలియక గంటసేపు తిరిగి, పాత స్నేహితుడు కనబడ్డాడని భార్యకు అబద్ధం చెప్పాడు. అదీ బయటపడుతుంది. స్టూలు మీద కూలబడి, కింది బోల్టు బిగించిన క్షణం కోసం బుర్రంతా వెతుక్కున్నాడు. గోడ గడియారం కేసి చూస్తే ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. ఈపాటికి వాళ్లు కొండ ఎక్కుతుంటారు.

ఆయన లోపలికి పరుగెత్తి భార్యకు చెప్పాడు. ఆవిడ మారు మాట్లాడకుండా ఫోన్ కలిపింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి మనవరాలు ఎత్తింది. ఆయన ఫోన్ అందుకున్నాడు.

"అమ్మతో చెప్పు తల్లీ, బండి ఆపెయ్యమను. స్టీరింగ్ గట్టిగా తిప్పొద్దు. మెల్లగా బ్రేకు వెయ్యమను."

అవతల కాసేపు ఇంజను హోరు తప్ప ఏమీ వినబడలేదు. భార్య ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆపింది తాతయ్యా. ఇటుపక్కంతా లోయ."

బోల్టూ నట్టూ, స్పానర్ల పెట్టె తీసుకుని ఇద్దరూ టాక్సీ ఎక్కారు. అరగంట ప్రయాణం. అక్కడికి చేరగానే ఆయన బానెట్ ఎత్తి చూశాడు. కింది బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ కన్నం. అతుకు సగం జారి ఉంది. ఇంకో రెండు మలుపులైతే ఊడిపోయేదే.

కూతురు కూడా చూసింది. పిల్లని టాక్సీలో కూర్చోబెట్టి వచ్చి అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

అప్పుడే తెలిసిందని అనొచ్చు. ఎవరికీ తెలియదు.

"ఫోన్ చెయ్యడానికి ఇరవై నిమిషాల ముందు. పరువు పోతుందని కూర్చున్నానమ్మా."

ఆ ఇరవై నిమిషాలూ తన బిడ్డ ఈ మలుపుల మీద ఉందని అంది కూతురు, గొంతు పెంచకుండానే. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకు. అప్పుడు చెప్పాడు: బజారు దారి సంగతి, మనుషుల పేర్లు మరిచిపోతున్న సంగతి.

"బజారు సంగతి ఆరోజే తెలుసు నాకు," అంది భార్య. "మీ నోటితో మీరే చెబుతారని చూశాను. నేనూ భయపడ్డానండీ."

కూతురు కళ్లు తుడుచుకుని, బోల్టు తీసుకుని, స్పానర్ల పెట్టె తెరిచింది.

"నువ్వు చెప్పు. నేను బిగిస్తాను. రేపు డాక్టరు దగ్గరికి కలిసే వెళ్దాం."

ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. ముందు చక్రాలు నిటారుగా పెట్టాలి. తరవాత అతుకు లోపలికంటా నెట్టాలి. కన్నాలు ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడాలి. బోల్టు దూర్చి నట్టు ఎక్కించాలి. ఆ తరవాత ఆయన ఆగిపోయాడు. ఎప్పుడూ లేనిది, దాచుకోకుండా పైకే అన్నాడు.

"తరవాత ఏం చెయ్యాలో గుర్తు రావట్లేదమ్మా."

"తొందరేం లేదు నాన్నా," అంది కూతురు, స్పానరు పట్టుకుని అలాగే ఎదురుచూస్తూ.