పదకొండో బోరు దగ్గర గొంతు

పదకొండో బోరు దగ్గర రాత్రి పూట బండి ఆపకండి. గతిలేక ఆపారే అనుకోండి... రేడియో మాత్రం పెట్టకండి.

మా బంకులో పెట్రోలు పోయించుకున్న ప్రతివాడికీ ఈ మాట చెప్పాను నేను. ఒకరోజా రెండ్రోజులా, ఆరేళ్ళు చెప్పాను. ఎడారి నడిమి పట్నం ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి తళతళలాడే జీపులేసుకొచ్చే టూరిస్టులు ఇకిలించేవాళ్ళు. "మీ దెయ్యానికి రేడియో లైసెన్సు ఉందా నోరీన్?" అనేవాళ్ళు. ఇకిలించండర్రా, మీదేం పోయింది!

ఆ చోటు అలాంటిది. ఎర్ర ఇసుకలో రెక్కలు విరిగిన గాలిమర, ఎండిపోయిన పశువుల తొట్టి, పక్కనే ఓ దిబ్బ. నాలుగు దిక్కులా ఎంత దూరం చూసినా నరపురుగు ఉండదు. ఆరేళ్ళ కిందట అక్కడ రోరీ అనే కుర్రాడి బండి ఆగిపోయింది. రెండు రోజులు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. బండి వదిలి నడిచాడు... పదకొండు కిలోమీటర్ల అవతల దొరికాడు. ప్రాణంతో కాదు.

ఆ తర్వాత నుంచే ఆ గొంతు. దిబ్బ మీద ఆగి ఎవరైనా బండిలో ఉండే మాట్లాడే రేడియో ఛానళ్ళు తిప్పుతూ మీట నొక్కితే, బరబరల మధ్య ఆడో మగో తెలీని గొంతు ఒకటి అడుగుతుంది —

"ఎవరికి చెప్పి వచ్చావు?"

అంతే. ఇంకో మాట వినేదాకా ఎవడాగాడు? రేడియో కట్టేసి పరుగే పరుగు. దానికి జవాబిచ్చినవాడు రోరీలాగే బండి దిగి నడిచిపోతాడని చెప్పేదాన్ని. ఆ ముక్క నేను కలిపిందే. దెయ్యం కథన్నాక కాస్త కలపకుండా ఎలా చెప్తాం?

ఇక క్లెమ్ సంగతి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పశువుల ఫారాలన్నీ తిరిగి, అక్కడి బోర్లకి మోటార్లు బాగుచేస్తుంటాడు. మా బంకులో ఒక పద్ధతుంది. ఎడారిబాట పట్టేవాడు ఏ దారిన పోతున్నాడో, ఎప్పటికి చేరతాడో చీటీ రాసి గోడకి గుచ్చాలి. చేరాక ఫోన్ చెయ్యాలి. ఫోన్ రాలేదో, నేను పోలీసుల్ని లేపుతాను. చీటీ రాయనివాణ్ణి నేను తిట్టే తిట్లు ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

భార్య మొరీన్ బతికున్నన్నాళ్ళూ క్లెమ్‌కి చీటీ అక్కర్లేదు. ఎక్కడ మలుపు తిరిగినా ఆవిడకే చెప్పుకునేవాడు. ఆవిడ పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ చీటీ ముట్టుకోడు.

"రాసి చావు" అన్నాను మొన్న డిసెంబరులో. మాకు డిసెంబరంటే నడివేసవి, బయట ఎండ పెనంలా కాలుతోంది.

"ఎవరికోసం రాయాలి నోరీన్? నేను రాకపోతే మంచం ఏడుస్తుందా?"

"నాకోసం రాయి, మొద్దు మొహమా!"

"నీకు నా మీద అంత మనసుందని తెలీదే!" అని నవ్వి, రెండు మాంసం పఫ్‌లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పదకొండో బోరు మీదుగా అడ్డదారిన పోతున్నానని నోటిమాటగానైనా అనలేదు.

ఇక్కణ్ణుంచి అతను చెప్పిందే చెబుతున్నాను.

సరిగ్గా ఆ దిబ్బ ఎక్కగానే, వాన కోసిన గండిలో పడింది ముందు చక్రం. యాక్సిల్ విరిగింది. స్టెప్నీలు రెండున్నాయి, పనిముట్లున్నాయి... విరిగిన యాక్సిల్‌కి అవేం చేస్తాయి? ఆ కుదుపుకే పెద్ద నీళ్ళక్యాను పగిలింది. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతుంటే అలా చూస్తూ నిలబడ్డాడట. చిన్న క్యానులో ఎనిమిది లీటర్లు మిగిలాయి.

బండి వదలకూడదు. మా దగ్గర పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. వెతికే విమానానికి పైనుంచి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

కానీ వెతికేవాళ్ళంటూ ఉంటే కదా...

మొదటి రాత్రి గడిచింది. మర్నాడు పగలంతా బండి కింద నీడలో పడుకున్నాడు. మొరీన్‌తో మాట్లాడాడట, పైకే. "నీకు చెప్పకుండా వచ్చాను, కోప్పడకు" అని. చీకటి పడేసరికి రెండు సీసాల నీళ్ళున్నాయి. పెద్ద రోడ్డు నలభై కిలోమీటర్లు. చల్లబడ్డాక నడిస్తే... పోయినా నడుస్తూ పోవచ్చు కదా అనిపించింది. బూట్లేసుకుని తాళ్ళు బిగించాడు.

పోయేముందు చివరిసారిగా రేడియో పెట్టాడు. మామూలు ఛానల్లో ఎంత అరిచినా జవాబు లేదు. ఈసారి ఒక్కో ఛానలే తిప్పుతూ, మీట నొక్కుతూ పోయాడు.

"ఎవరైనా ఉన్నారా?"

బరబర... బరబర...

"ఎవరికి చెప్పి వచ్చావు?"

టక్కున కట్టేశాడు.

చీకట్లో కూర్చున్నాడు. గాలి లేదు. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. నేను చెప్పిందంతా గుర్తొచ్చిందట. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు కూడా. ఆ కాలు అలాగే ఉంది... నాలుగేళ్ళలో ఆ ప్రశ్న తనని అడిగినవాళ్ళే లేరు. దెయ్యమైతేనేం, అడిగింది కదా.

మళ్ళీ మీట నొక్కాడు.

"ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. "చెప్పడానికి... ఎవరూ లేరు."

బరబర ఆగింది.

"అయితే నాకు చెప్పు" అంది గొంతు. "ఎక్కడున్నావు?"

"దిబ్బ మీద. పదకొండో బోరు."

"నీళ్ళు?"

"రెండు సీసాలు."

"బూట్లేసుకున్నావా?"

కాళ్ళకేసి చూసుకున్నాడు. "...వేసుకున్నాను."

"విప్పు. విప్పి బండి కిందికి విసిరెయ్. తెల్లారేదాకా దిగావో, నా చేతిలో అయిపోయినట్టే!"

దెయ్యం ఉండమంటోంది. ఉండమన్నది బతకడానికా, అక్కడే చావడానికా? క్లెమ్‌కి తెలీలేదు. అయినా బూట్లు విప్పాడు. తెల్లవార్లూ ఆ గొంతు గంటకోసారి పిలిచింది. "ఉన్నావా?" అని. "ఉన్నాను" అన్నాడు. అంతకు మించి మాటల్లేవు. ఆ రెండు ముక్కల కోసమే తెల్లారేదాకా కళ్ళు తెరుచుకుని కూర్చున్నానన్నాడు నాతో.

పొద్దెక్కాక దూరంగా ఎర్రటి దుమ్ము లేచింది. పాత ట్రక్కొకటి వచ్చి ఆగింది. అందులోంచి డెబ్భై దాటిన ముసలావిడ ఒకతె దిగింది. బక్కమనిషి, మగవాళ్ళ టోపీ, చేతిలో నీళ్ళ డబ్బా.

"మెల్లిగా తాగు" అంది. "విమానం వాళ్ళకి చెప్పాను గానీ, వాళ్ళకంటే నేనే ముందొస్తానని తెలుసు."

అదే గొంతు!

ఆవిడ పేరు వెర్నా. దిబ్బకి తొంభై కిలోమీటర్ల అవతల కొండకింద ఫారంలో ఒంటరిగా ఉంటుంది. కొండమీద ఆవిడదో రేడియో టవరుంది. ఈ బాట పొడుగునా ఆ దిబ్బ మీద నుంచి మాత్రమే దానికి మాట అందుతుంది. ఆవిడ రోరీ తల్లి. కొడుకు పోయినప్పట్నుంచీ ప్రతి రాత్రీ ఆ రేడియో పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరు మీట నొక్కినా అదొక్కటే అడుగుతుంది.

"మొదటే నీ పేరు చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడట క్లెమ్.

"చెప్పేలోపే కట్టేస్తున్నారు నాయనా. నేను దెయ్యాన్నని ఎవరో ప్రచారం చేశారట. ఆరేళ్ళలో నాకు జవాబిచ్చింది నువ్వొక్కడివే."

ఇదంతా మా బంకులో కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాడు క్లెమ్. నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఆవిడకి ఫోన్ చేసి చెబుతాడట.

"పాపం, ఒక్క సంగతి ఆవిణ్ణి తినేస్తోంది నోరీన్" అన్నాడు లేస్తూ. "ఆ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా ఎలా వెళ్ళాడా అని. చిన్నప్పట్నుంచీ నేర్పానే, చెప్పి వెళ్ళమని నేర్పానే అంటుంది. మూడొందలసార్లు అదే మాట."

బల్ల తుడుస్తూ ఉండిపోయాను.

క్లెమ్ వెళ్ళాక ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. ఇప్పటికి నెలైంది, రోజూ తీసుకుంటాను, రోజూ పెట్టేస్తాను. మీరెవరో ఊరూపేరూ తెలీనివాళ్ళు కాబట్టి మీతో అంటున్నాను...

రోరీ చెప్పే వెళ్ళాడు. నాకే చెప్పాడు. ఇదిగో, ఇక్కడే నిలబడి, టోపీ తీసి మరీ చెప్పాడు — అడ్డదారిన పోతున్నానండీ, గురువారం రాత్రికి చేరి ఫోన్ చేస్తాను, చెయ్యకపోతే చూడండి అని. అలాగే బాబూ అన్నాను. అప్పటికింకా చీటీలు లేవు. ఆ గురువారం బంకు ముందు రెండు టూరిస్టు బస్సులాగాయి. నాకు మళ్ళీ ఆదివారం దాకా గుర్తు రాలేదు.