పక్కింట్లో మోగిన గంట

ఆ రోజు లోహిత్ ఎక్కిన ఏడో గడప అది. ఇంకా అయిదున్నాయి. నడుం లాగుతోంది.

నరసాపురంలో తీగలన్నీ పీకేసి పన్నెండేళ్ళయింది. తుపానులకు స్తంభాలు కూలి మనుషులు పోతుంటే, ఇక ఎక్కడా తీగ కట్టరాదని చట్టం తెచ్చారు. పాత యంత్రాలు మాత్రం మిగిలాయి. వాటికి తీగ తప్ప మరొకటి తెలియదు. అందుకని ఒక్కోదాని తీగరంధ్రంలో అగ్గిపెట్టెంత గాలివంతెన గుచ్చారు. యంత్రం తీగలోకే మాట్లాడుతున్నాననుకుంటుంది. మాట గాలిలో పోతుంది.

వసారాలో మంచంమీద ప్రవల్లికమ్మ ఉంది. డెబ్బై దాటాయి. కాళ్ళు పడిపోయాయి. చేతికింద పిలుపుబొత్తం. నొక్కితే ఆసుపత్రిలో మోగాలి. నాలుగు నెలలుగా ఒక్కసారీ మోగలేదని, గాలివంతెనలు బిగించే లోహిత్‌ని పంపారు.

“బొత్తం నొక్కట్లేదేంటండీ?”

“ఎందుకు నొక్కనూ? రోజుకి రెండుసార్లు నొక్కుతున్నా. మీవాళ్ళు వస్తేగా!”

“మరి మంచినీళ్ళవీ ఎవరిస్తున్నారు?”

ఆవిడ గోడవైపు గడ్డం ఎత్తి చూపింది. “పక్కింటావిడ. హారిక అని, నా తోటికోడలే. తొమ్మిదేళ్ళయింది మాటల్లేక. ఇప్పుడు నా దగ్గు విని తనంతట తనే వస్తోంది. నీళ్ళు పట్టిస్తుంది, మూతి తిప్పుకుని పోతుంది. చివరికి తగ్గింది ఆవిడేలే.”

లోహిత్ గాలివంతెన ఊడదీసి, పిలుపు ఎక్కడ మోగాలో చెప్పే అంకె వెనక ఉంటే చూశాడు. అనుమానంతో పక్కింటికి వెళ్ళాడు. హారికమ్మ గుమ్మం గంట కూడా పాతకాలందే, మోగేది వెనక వంటింట్లో. దాని గాలివంతెనకీ అదే అంకె. రెండూ నాలుగు నెలల కిందట తను ఒకే రోజు బిగించినవే.

“గంటకేం, బ్రహ్మాండంగా మోగుద్ది,” అంది హారికమ్మ గుమ్మంలో నిలబడి. “మా అక్క పిలుస్తుంది కదా. నోటితో పిలవడానికి నామోషీ మహాతల్లికి. ఎలాగైతేనేం, తగ్గింది.”

ఊరుకుంటే సరిపోయేది. అలసటలో నోరు జారాడు.

“ఆవిడ పిలవట్లేదండీ. నా పొరపాటు. అది ఆసుపత్రికి పోవాల్సిన పిలుపు.”

మధ్యనున్నది నడుమెత్తు గోడే. అవతల మంచం కిర్రుమంది. ఇవతల హారికమ్మ ముఖం బిగుసుకుంది.

లోహిత్ ప్రవల్లికమ్మ దగ్గరికి తిరిగి వచ్చి బొత్తం అంకె మార్చాడు. నొక్కి చూశాడు. ఆసుపత్రిలో మోగింది. అక్కణ్ణించి మనిషి రావాలంటే అరపూట పడుతుంది. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

ప్రవల్లికమ్మకి దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. ఆవిడ బొత్తం నొక్కలేదు. గోడ అవతల హారికమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అడుగు కదపలేదు.

లోహిత్ కుండ దగ్గరికి నడిచి గ్లాసు ముంచాడు.

“అబ్బాయ్! కుండలోవి కాదు,” గోడ మీదుగా కేక. “కాచినవి పొయ్యి పక్కన చెంబులో ఉన్నాయి.”

“అవయిపోయాయని చెప్పు ఆవిడకి,” అంది ప్రవల్లికమ్మ, దగ్గుమధ్యలో.

“ఎందుకయిపోతాయి? పొద్దున్నే నింపి పెట్టాను. చెప్పు.”

“చెప్పేదేముందండీ? ఇద్దరికీ వినపడుతూనే ఉందిగా.”

“నువ్వు చెప్పు,” అన్నారు ఇద్దరూ.

లోహిత్ సంచి దించి, గోడ దగ్గరికి వెళ్ళి, చెప్పాడు.