ఎనభై ఎనిమిదో సంతకం

ఫైలు పోలేదు. అందులోంచి ఒక్క కాగితం పోయింది.

మంగళవారం ఉదయం 9.20. ఆళ్లగడ్డలో ఉమ్మడి కమిటీ ఆఫీసు. బీరువా తాళం చెక్కుచెదరలేదు. ఆకుపచ్చ ఫైలు పెట్టిన చోటే ఉంది. ఎనభై ఏడో కాగితం తర్వాత ఎనభై తొమ్మిది ఉంది. మధ్యలో చించిన అంచు మిగిలింది.

ఒక్క కాగితానికి పోలీసులెందుకని స్టేషన్లో నవ్వారు. ఇన్‌స్పెక్టర్ ఉమాదేవి నవ్వలేదు.

నొప్పి మాత్రలకూ సూదులకూ అలవాటుపడి వదల్లేని వాళ్ల కోసం ఇరవై పడకల చికిత్సా కేంద్రం. దానికి నిధులు ఒక్క ఊరు అడిగితే ఇవ్వరు. నంద్యాల, ఆళ్లగడ్డ కలిసి అడగాలి. చికిత్సకు ఒప్పుకుంటూ నూట యాభై మంది పెట్టిన సంతకాలు చూపాలి. నంద్యాల అరవై తెచ్చింది, ఆళ్లగడ్డ తొంభై తెచ్చింది. ఒక్కటి తగ్గినా దరఖాస్తు చెల్లదు. ఈ సాయంత్రం ఐదు లోపల నంద్యాల కలెక్టరేట్‌లో అందాలి. పేర్లు బయటికి పొక్కకూడదని జిరాక్సు కూడా తీయలేదు.

కమిటీకి ఇద్దరు పెద్దలు. నంద్యాల తరఫున కోఆర్డినేటర్ అజయ్ కుమార్. ఆళ్లగడ్డ తరఫున చైర్మన్ చిరంజీవి. ఆయనకు శిల్పుల వీధిలో విగ్రహాల షెడ్డు ఉంది. ఇద్దరికీ క్షణం పడదు. ఈ జబ్బు నంద్యాల నుంచి వచ్చిందేననీ, తమ పిల్లలు ఉలి తప్ప ఇంకోటి పట్టరనీ చిరంజీవి ప్రతి మీటింగులో పాడిన పాటే పాడేవాడు. ఆళ్లగడ్డ సంతకాలే ఎక్కువ కదా అంటే గొంతు పెంచేవాడు.

నిన్న సాయంత్రం ఆరింటికి పేర్లు చదవకుండా నంబర్లు మాత్రం లెక్కపెట్టారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు గదిలో ఉన్నది ముగ్గురు. ఆ ఇద్దరూ, అటెండర్ జీవమ్మ. 6.10కి జీవమ్మ టీ తేవడానికి వెళ్లింది. ఫోనొస్తే అజయ్ వరండాలోకి వెళ్లాడు. 6.25కి జీవమ్మ ఫైలును బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తెల్లారేదాకా ఆమె కొంగుకే ఉంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లనే అడగాల మేడం," అన్నాడు అజయ్.

"ఆయమ్మ కొడుకు పేరు గూడ ఉందంట అందులో," అన్నాడు చిరంజీవి. "సిగ్గుపడి చించింటాది."

కొట్టుకు చచ్చే ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది అప్పుడే. నెలజీతపు ముసలావిడ దొరికితే అందరికీ ధైర్యమే.

జీవమ్మ ఏడవలేదు. "నా కొడుకు ప్రేమ్ సాగర్‌ది పన్నెండో కాగితమమ్మా. అది అట్లే ఉంది, చూసుకోండి. ఈ నెలలో రెండుసార్లు తెలివి తప్పి పడినాడు. మూడోసారి లేస్తాడో ల్యాదో. నాకు ఆ పడక కావాల. నేనెందుకు చించుతా?"

ఆళ్లగడ్డ సంతకాలు సేకరించింది ఆశా కార్యకర్త కరుణ. ఎనభై ఎనిమిది ఎవరిదని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"పేరు ఎవరికీ చెప్పనని ఒక్కొక్కరి ముందర బైబిలు మీద చెయ్యి పెట్టినా మేడం. జైల్లో ఏసినా చెప్పను."

మళ్లీ సంతకం తీసుకుందామని పొద్దున్నే ఆ మనిషికి ఫోన్ చేసిందట. స్విచ్చాఫ్. ఇంటికి వెళితే లేడన్నారట. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

అజయ్ పట్టుబట్టడంతో 11.40కి జీవమ్మ ఇల్లు సోదా చేశారు. ఏమీ దొరకలేదు. మంచం మీద ప్రేమ్ సాగర్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బయటికొస్తూ ఉమాదేవి గుమ్మం దగ్గర ఆగింది. పక్క గోడ మీద సుద్దతో 12 అని రాసి ఉంది.

"ఇదేందమ్మా?"

"కరుణమ్మ రాసింది. పోలియో చుక్కలేసినప్పుడు రాస్తారు గదమ్మా, అట్ల."

కానిస్టేబుళ్లు అప్పటికే జీపెక్కారు. ఉమాదేవి ఎక్కలేదు. ఒక్కతే శిల్పుల వీధిలోకి నడిచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇరవై నిమిషాల తర్వాత యూనిఫాం నిండా రాతి దుమ్ముతో తిరిగొచ్చింది. కోపంతో ఆమె మొహం ఎర్రగా ఉంది.

2.05. అందర్నీ చిరంజీవి ఇంటి ముందుకు పిలిపించింది. ఇంటిని ఆనుకునే షెడ్డు.

"కరుణా, కాగితం తీసుకున్న ప్రతి ఇంటి గోడ మీదా నంబరు రాసినావు. అవునా?"

కరుణ తన సంచి వైపు చూసుకుంది. పదేళ్లుగా చుక్కల మందుతో ఇల్లిల్లూ తిరిగిన అలవాటు. సుద్దముక్క సంచిలోనే ఉంటుంది. ఇల్లు అయిపోతే చెయ్యి దానంతటదే గోడ మీద రాసేస్తుంది. పేర్లు బీరువాలో దాచారు. నంబర్లు వారం నుంచి వీధిలో ఉన్నాయి.

"ఈ వీధిలో దుమ్ము పట్టని గోడ లేదు," అంది ఉమాదేవి. "అవతలి ఇంటికి ఎనభై ఏడు ఉంది. ఇవతలి ఇంటికి ఎనభై తొమ్మిది. నడుమ ఈ గోడ మీద జానెడు మేర మాత్రం తళతళలాడుతోంది. చిరంజీవి గారూ, ఎప్పుడు కడిగినారు?"

"నా గోడ నేను కడుక్కుంటే నేరమా?"

"కాదు. నిన్న 6.11 నుంచి 6.24 దాకా అజయ్ ఫోన్లో ఉన్నాడు. రికార్డు చూసినా. టీ కొట్టాయన జీవమ్మను చూసినాడు. ఫైలు దగ్గర మిగిలింది మీరొక్కరే. గోడ మీది నంబరు చూసి ఆ కాగితమే చించినారు. ఇంకొకటి చెప్పండి. పని రోజు. వీధంతా ఉలి మోతే. మీ షెడ్డుకు తాళమెందుకు?"

కానిస్టేబుల్ చెయ్యి చాచాడు. చిరంజీవి జేబులోంచి తాళంచెవి బయటికొచ్చింది.

లోపల సగం చెక్కిన రెండు విగ్రహాల నడుమ ఆయన కొడుకు పవన్ ముడుచుకుని కూర్చున్నాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అతని ఫోను తండ్రి జేబులో దొరికింది. కాగితం రాత్రే పొయ్యిలో పోయింది.

"భుజం నొప్పికని మొదలుపెట్టినా నాయనా," అన్నాడు పవన్. "ఇప్పుడు మాత్ర ల్యాకుంటే ఉలి పట్టలేను. ఆ సంతకం నేనే పెట్టినా. మళ్లీ పెడతా."

కరుణ కొత్త కాగితం తీసింది. పవన్ చేతిలోంచి రెండుసార్లు పెన్ను జారింది. మూడోసారి పేరు పూర్తయింది. 2.50కి అజయ్, కరుణ ఫైలుతో జీపెక్కారు. వెళ్లేముందు అజయ్ జీవమ్మ చూస్తుండగా పన్నెండో కాగితం ఇంకోసారి సరిచూసుకున్నాడు.

"దేవుళ్లను చెక్కే ఇల్లు మేడం. పరువు," అన్నాడు చిరంజీవి.

"కేసు రాస్తాండా. కాగితం కాల్చినందుకు ఒకటి, కొడుకును తాళమేసి పెట్టినందుకు ఒకటి," అంది ఉమాదేవి. "నాకు ఒళ్లు మండేది దానికి కాదు. ఈ వీధిలో ఎన్ని గోడల మీద నంబర్లుండాయో నువ్వు చూసినావ్. అవేందో నీకు తెలుసు. నీ ఒక్క గోడ కడుక్కొని ఇంట్లోకి పోయినావ్."

చిరంజీవి షెడ్డు మూలనున్న బకెట్టు నింపుకున్నాడు.

4.35కి నంద్యాల నుంచి ఫోనొచ్చింది. దరఖాస్తు తీసుకున్నారు.

అప్పటికి చిరంజీవి బకెట్టూ గుడ్డా పట్టుకుని నలభై గోడలు కడిగాడు. ఆయన్ను ఎవరూ పలకరించలేదు. చివరికి జీవమ్మ గుమ్మం ముందుకొచ్చి, పన్నెండు మీద తడిగుడ్డ పెట్టబోయాడు.

జీవమ్మ అడ్డం నిలబడింది.

"నువ్వు ముట్టుకోవద్దప్పా. నా కొడుకుకు పడక వచ్చిననాడు నేనే కడుక్కుంటా."