ఒడ్డున విడిచిన చెప్పులు

"ఆ ఊరికి నేను వెళ్లలేను సార్," అంది యమున.

"కళింగపట్నం ఒడ్డు నీకు తెలిసినట్టు మన ఏజెంట్లలో ఇంకెవరికీ తెలీదు," అన్నాడు చీఫ్ జగన్నాధం.

బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. మన జలాంతర్గామి చప్పుడు రికార్డయిన చిప్ ఒక విదేశీ ముఠాకు చిక్కింది. క్రూయిజ్ ఓడలో టూరిస్టుగా వస్తున్న ముఠా ఏజెంట్ దాన్ని ఒడ్డున అందుకుని మళ్లీ ఓడెక్కుతాడు. ఆ చప్పుడు శత్రువు చెవిన పడితే, సముద్రం అడుగున మనవాళ్లకు దాక్కునే చోటుండదు.

మధ్యాహ్నం వాన. గైడ్ బ్యాడ్జీ పెట్టుకుని యమున లైట్‌హౌస్ దగ్గర నిలబడింది. ఐదేళ్ల క్రితం ఒక మిషన్‌లో ఆమె పార్ట్‌నర్ లక్ష్ముడు ఇక్కడే పడవెక్కాడు. తిరిగి రాలేదు. శవం దొరకలేదు, ఒడ్డున విడిచిన చెప్పులు దొరికాయి. అతనిది ఈ ఊరే, చేపల వేటకు వెళ్లే ఇల్లు. "పడవంటే గంగమ్మ. సెప్పులతో ఎక్కుతావేటి?" అని ఆమెనూ కసిరేవాడు. వాన పడినప్పుడల్లా ఆ గొంతు ఆమెకు వినిపిస్తుంది.

పాక కింద అతని తల్లి తవిటమ్మ వేరుశనగ వేయిస్తోంది. పక్కన గోనె మీద ఆ చెప్పులు.

"ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి?" అంది తవిటమ్మ.

"అవింకా ఉంచావా పిన్నీ?"

"మరి ఆడొస్తే కాళ్లకేటేసుకుంటాడు?"

యమున అక్కణ్నుంచి కదిలిపోయింది.

ఎర్ర గొడుగు కింద, ఖరీదైన సెంటు వాసనతో అనిత ఎదురొచ్చింది. ముఠా మనిషి, ముఠాకు తెలియకుండా మన మనిషి.

"లైట్‌హౌస్ ఎక్కనిస్తారా?" కోడ్ అది.

"వానలో తాళం వేస్తారు."

అనిత చిరునవ్వు చెదరలేదు. "చిప్ చేతులు మారింది. ఎవరి దగ్గరుందో నాకూ చెప్పలేదు. ఓడలో వచ్చినవాడు మొహం ఆపరేషన్ చేయించుకున్నాడట. ఫోటోలు దండగ."

ఓడ హారన్ మోగింది. ఓడ లోతు నీళ్లలో ఆగింది. టూరిస్టులను ఓడకు చేర్చేది మరపడవలే. పడవ నడిపేవాళ్లు మారువేషంలో ఉన్న మన కమాండోలు. కానీ పట్టుకోవలసింది ఎవరిని?

చివరి పడవ. బురద బూట్లతోనే ఒక్కొక్కరూ ఎక్కేస్తున్నారు. అందరి వెనకా రెయిన్‌కోటు మనిషి ఒకడు మిగిలాడు. ఆమె ఎన్నడూ చూడని మొహం. అతను వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. పడవ అంచును తాకి వేళ్లు కళ్లకద్దుకున్నాడు.

యమున అతని పక్కకు చేరింది.

"లక్ష్ముడూ," అంది నెమ్మదిగా. "అమ్మని సూడకుండానే ఎల్లిపోతన్నావేటి?"

ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. మరుక్షణం అతని చేతిలోని బూటు సముద్రం వైపు లేచింది. యమున మణికట్టు ఒడిసిపట్టింది. కమాండోలు మీద పడ్డారు. బూటు మడమ చీలిస్తే చిప్ బయటపడింది.

"సచ్చినోణ్ని మళ్లీ ఎందుకు లేపినావు యమునా?" అన్నాడతను. మొహం మారింది కానీ గొంతు మారలేదు.

బూట్లు సీల్ చేసి, అతన్ని వట్టికాళ్లతో నడిపించుకుపోతుంటే తవిటమ్మ అడ్డమొచ్చింది.

"ఏటర్రా, ఆ బాబునలా నడిపిస్తన్నారు? గవ్వలు కోసేస్తాయి. ఇయ్యి ఏసుకో నాయినా. మావోడొచ్చినాక ఇచ్చేద్దువుగాని."

అతను తలెత్తలేదు. నోరు విప్పలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి నడిచాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ అడిగాడు. "చిప్?"

"దొరికింది."

"మనిషెవరో తేలిందా?"

వానలో చెయ్యి అడ్డం పెట్టుకుని వాళ్ల వెనకే చూస్తున్న తవిటమ్మ మీద యమున చూపు ఆగింది.

"ఇంకా లేదు సార్. చెప్పులు మాత్రం సరిపోయాయి."